కాలమ్ నెంబరు ఏడు

దరఖాస్తు మీద ముందే అచ్చయి ఉంది, జిల్లా: విజయనగరం.
మిగతాది నేను నింపాలి.
గుమ్మలక్ష్మీపురంలో బస్సు దిగి
రెండు గెడ్డలు దాటి, మూడోదాంట్లో ఒక చెప్పు పోగొట్టుకుని
కొండెక్కాను,
మెడలో తాయెత్తులా జీపీఎస్ మిషను.

నేల మీద నిలబడ్డ చోటు చెప్పడానికి
దానికి ఆకాశంలో నాలుగు ఉపగ్రహాలు కావాలి.
మండంగి సుక్కులమ్మకి అక్కర్లేదు.
కందిచేను చివర కూచుని
చీపురుపుల్లలు కట్టలు కడుతూ
మడమతో చూపించింది, "ఇక్కడ్నుంచి."
గడ్డంతో చూపించింది, "అక్కడి దాకా."

నడిచాను. మిషను కూసింది.
పొయ్యి సాగుభూమిలో పడింది,
గుమ్మం రిజర్వు ఫారెస్టులో.
అంటే రోజూ తెల్లారకుండానే
బిందె చంకనెట్టుకుని
ఆమె ప్రభుత్వంలోకి అడుగు పెడుతోంది.

ఏడో కాలమ్: హక్కుదారు పేరు.
ఎనిమిది: రుజువు.

అడివి ఎవరిదమ్మా, అని అడిగాను.
దరఖాస్తులో లేని ప్రశ్న.

"నానేటి సెప్తాను బాబూ.
మా తాత నాడు కోటోలిదన్నారు,
నాగలికింత, గొడ్డలికింత అని పన్ను కట్టించుకున్నారు.
ఆ మీద దొరలదన్నారు, రాళ్ళు కుప్పేసి సున్నం కొట్టినారు.
దొరలెల్లిపోనారు, రాళ్ళు ఎల్లనేదు.
కంట్రాక్టరొచ్చి ఏగిస మానులన్నీ లారీలకెత్తినాడు,
ఆడి దగ్గర కాయితం ఉందట.
ఆకరికి మీటింగెట్టి, అడివి మీ అందరిదీ అని
బోర్డు పాతి ఎల్లినారు.
ఏనుగులొచ్చిన యేడు అదీ పడిపోనాది."

లోపలికెళ్ళి
చూరులోంచి పాలడబ్బా తీసింది.
డబ్బాలో ప్లాస్టిక్ కవరు, కవరులో
పదకొండు జరిమానా రసీదులు,
మడతల దగ్గర చిరిగి,
చింతపండు వాసనేస్తూ.
అడవి నరికి పోడు కొట్టిన నేరానికి
ఎనభై ఆరులో. ఎనభై తొమ్మిదిలో.
తొంభై మూడులో రెండుసార్లు.
ఒక రసీదు వెనక ఒక మేక ఉంది, ఇంకోదాని వెనక కాళ్ళ కడియాలు,
ఒకదాని వెనక పార్వతీపురం సబ్‌జైల్లో పదిహేను రోజులు.

"ఇయ్యి పనికొత్తాయేటి?"

సర్క్యులర్ గుర్తొచ్చింది.
పనికొస్తాయి.
ఆయన దొంగ అని చెప్పిన కాగితమే
ఆయన ఇక్కడే ఉన్నాడని సాక్ష్యం.
దొంగతనం ఎంత పాతదైతే హక్కు అంత గట్టిది.
ఒక్కసారీ దొరకని పక్కచేను తోయక గంగులుకి
చూపించడానికేమీ లేదు.

చిక్కల్లా పేరు దగ్గర.
సోమవారం పుట్టాడని సోంబారు.
రసీదు రాసిన గార్డు సోమరి అని రాశాడు.
తర్వాతొచ్చిన గార్డులు పాత రసీదు చూసి ఎక్కించారు.
కొండవాలు రాళ్ళేరి గట్లు పేర్చి,
జీడిమొక్కలకి కావిడితో నీళ్ళు మోసి,
రెండేళ్ళ కిందట జ్వరంతో పోయిన మనిషి,
పదకొండింట్లోనూ సోమరే.
రుజువుతో కలవని పేరు పై ఆఫీసు నుంచి తిరిగొస్తుంది.
సోమరి భార్య సుక్కులమ్మ, అని రాశాను.
చదివి వినిపించాలని రూలు.
వినిపించాను, ఆ పేరు దగ్గర దగ్గాను.

పనస చెట్టొకటి మిగిలిపోయింది,
గీతకి నాలుగు మీటర్లు అవతల.
"ఆడే పాతినాడు, మా పెద్దగుంటడు పుట్టిన యేడు."
మిషను అడుగున చిన్నక్షరాల్లో ఉంది,
అయిదు మీటర్ల తేడా ఉండవచ్చునని.
వెనక్కెళ్ళి చెట్టు అవతలి నుంచి నడిచాను,
కాయల గరుకు భుజానికి తగులుతుంటే,
మెల్లగా, ఉపగ్రహాలు చూస్తుండగానే.

విస్తీర్ణం ఒక ఎకరా నలభై ఒక్క సెంట్లు.
బొటనవేలి సిరా
తలకి తుడుచుకుంది, ఆనక చీపురుకట్ట తీసి
"పట్టుకెల్లు" అని నా చేతిలో పెట్టింది.

చీకటి పడ్డాక చెక్‌పోస్టు దగ్గర
టార్చిలైటు ముందు చీపురు మీద పడింది,
తర్వాత నా మొహం మీద.
"రసీదుందా?"